భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో వారసత్వ పరిరక్షణ

భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో వారసత్వ పరిరక్షణ అనగా, పూర్వపు ఖమ్మం జిల్లా ఈశాన్య భాగంలో గోదావరి, శబరి నదుల వెంట ఉన్న అటవీ ప్రాంతపు పురావస్తు స్థలాలను, ఆలయ సంపదను, కోయ, కొండరెడ్డి తెగల వస్తు సంస్కృతిని సేకరించి, నమోదు చేసి, కాపాడే కృషి. ఈ కృషి 19వ శతాబ్దంలో బ్రిటిషు సర్వేక్షకులు, క్రైస్తవ మిషనరీల రచనలతో మొదలైనది. తరువాత నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, మానవశాస్త్రవేత్తలు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు దీనిని కొనసాగించాయి. పోలవరం జలాశయం వలన ఈ ప్రాంతంలో కొంత భాగం ముంపునకు లోనవుతున్నందున ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యత ఏర్పడినది. ఇటువంటి సమస్యనే 1960వ దశకంలో ఈజిప్టు, సుడాన్ దేశాలలోని నూబియా ప్రాంతం ఎదుర్కొన్నది. అందువలన అరబ్బు దేశాల మ్యూజియముల చరిత్రతో ఈ ప్రాంతపు చరిత్రను పోల్చి చూడటం ఉపయోగకరం.

పరిధి, పాలనా నేపథ్యం

ఈ ప్రాంతం తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిషా రాష్ట్రాలు కలిసే చోట ఉన్నది. గోదావరి నది భద్రాచలం దాటిన తరువాత కూనవరం వద్ద శబరి నదిని కలుపుకొని, పాపికొండల మధ్యగా ప్రవహిస్తుంది. నదీ తీరపు గ్రామాలలో కోయలు, కొండలపైన, కొండ దిగువన కొండరెడ్లు ప్రధానంగా నివసిస్తున్నారు.

ఈ ప్రాంతం అనేకమార్లు ఒక పాలన నుండి మరొక పాలనకు మారినది. 1860లో నిజాం ప్రభుత్వం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిషువారికి అప్పగించింది. మొదట అవి మధ్య పరగణాలలో చేరి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిశాయి. గోదావరికి పడమటి వైపున ఉన్న పాల్వంచ ప్రాంతం మాత్రం హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. 1953లో వరంగల్లు జిల్లా నుండి ఖమ్మం జిల్లా ఏర్పడగా, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లా నుండి అందులోకి వచ్చాయి. 2014లో రాష్ట్ర విభజన తరువాత పోలవరం ముంపు మండలాలు ఆంధ్ర ప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో నిలిచినది. 2016లో ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. 2022లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఏలూరు జిల్లాలోనూ చేరాయి.

ఈ మార్పుల ప్రభావం వారసత్వ పరిరక్షణపై కూడా ఉన్నది. నదికి ఒక ఒడ్డున ఉన్న కొండరెడ్ల గురించిన పాత వివరాలు హైదరాబాదు రాజ్యపు పత్రాలలోనూ, ఎదుటి ఒడ్డున ఉన్న వారి బంధువుల వివరాలు మద్రాసు ప్రభుత్వ పత్రాలలోనూ నమోదైనాయి. 2014 తరువాత ఒకే తెగకు చెందిన గ్రామాలు రెండు రాష్ట్రాల పురావస్తు, గిరిజన సంక్షేమ శాఖల పరిధిలోకి వచ్చాయి. భద్రాచలం ఆలయం ఒక రాష్ట్రంలోనూ, పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు వేరొక రాష్ట్రంలోనూ ఉండటం ఈ స్థితికి మరొక ఉదాహరణ.

ముఖ్యమైన వారసత్వ స్థలాలు

రాక్షస గుళ్ళు

పినపాక మండలంలోని జానంపేట పరిసరాలలోనూ, గోదావరి వెంట ములుగు జిల్లా తాడ్వాయి, మంగపేట అడవులలోనూ బృహత్ శిలాయుగపు సమాధులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పెద్ద రాతి పలకలను నిలిపి, పైన మరొక పలకను కప్పుగా వేసి వీటిని నిర్మించారు. కొన్ని చోట్ల సమాధుల ప్రక్కన శిలువ ఆకారంలో చెక్కిన నిలువు రాళ్ళు ఉండటం ఈ ప్రాంతపు ప్రత్యేకత. స్థానికులు ఈ సమాధులను రాక్షస గుళ్ళు అని పిలుస్తారు. మల్హెరాన్ అనే సర్వే అధికారి 1868లో ఈ శిలువ రాళ్ళ గురించి కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి తెలియజేశాడు. శిలువ ఆకారాన్ని చూసి ఇవి క్రైస్తవ చిహ్నాలని అప్పట్లో కొందరు ఊహించారు. ఇవి మరణించినవారి స్మారకంగా మనిషి ఆకృతిని సూచిస్తూ నిలిపిన రాళ్ళని తరువాతి పరిశోధకులు భావించారు. ఇటువంటి సమాధులకు గుప్తనిధుల కోసం త్రవ్వేవారి వలన ఎక్కువ నష్టం జరుగుతుంది. పై పలకను తొలగించి లోపలి మట్టిని తిరగవేసినట్లయితే, ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు ఏ క్రమంలో ఉంచారో తెలుసుకొనే అవకాశం శాశ్వతంగా పోతుంది.

నేలకొండపల్లి

ఖమ్మం పట్టణానికి దక్షిణాన ఉన్న నేలకొండపల్లి అటవీ ప్రాంతానికి వెలుపల ఉన్నప్పటికీ, జిల్లాలోని అతి ముఖ్యమైన పురావస్తు స్థలం. ఇక్కడి మట్టికోట దిబ్బలను ప్రజలు మహాభారతంలోని విరాటరాజుతో ముడిపెట్టి చెప్పుకొంటారు. రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వకాలలో ఇక్కడ బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు, సున్నపురాతి బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న జన్మస్థలం కూడా ఇదే.

భద్రాచలం ఆలయ సంపద

భద్రాచలం సీతారామచంద్రస్వామి ఆలయాన్ని 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో (పాలన 1672 - 1687) రామదాసు నిర్మింపజేశాడు. చింతాకు పతకం, కలికితురాయి, పచ్చల పతకం మొదలైన ఆభరణాలు రామదాసు చేయించినవని ఆలయ సంప్రదాయం. రామమాడలుగా పిలువబడే నాణేలను కూడా ఆలయంలో భద్రపరచారు. ఈ ఆభరణాలలో కొన్నింటిని శ్రీరామనవమి కల్యాణ సమయంలో ఉత్సవమూర్తులకు అలంకరిస్తారు. అనగా ఇవి భద్రపరచిన పురావస్తువులే అయినప్పటికీ ఆరాధనలో వాడుకలో ఉన్నవి. కుతుబ్‌షాహీ కాలంలో మొదలైనదిగా చెప్పబడే ముత్యాల తలంబ్రాల సమర్పణ కూడా ప్రభుత్వం తరఫున కొనసాగుతున్నది. ఈ వస్తువుల విలువ వాటి బంగారంలో మాత్రమే కాక, వాటితో ముడిపడిన కల్యాణ విధిలో కూడా ఉన్నది.

సేకరణ చరిత్ర

మిషనరీలు, జిల్లా అధికారులు

దుమ్ముగూడెంలో నివసించిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజల గురించి 1870వ దశకం నుండి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసాలు వ్రాశాడు. కోయల ఆచారాలు, వివాహ పద్ధతులు, దేవతలు, భాష గురించిన తొలి విస్తృత వివరణలలో ఇవి ముఖ్యమైనవి. మద్రాసు మ్యూజియము పర్యవేక్షకుడైన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారతదేశపు కులములు, తెగలు అనే గ్రంథంలో ఈ వ్యాసాలను వాడుకొన్నాడు. ఈ రచనలలో సమాచారం విలువైనదే కాని, అది బయటివారు తమ దృష్టితో చూసి వ్రాసినది. కోయలు తమ గురించి తాము చెప్పుకొనే కథాక్రమం వీటిలో తక్కువ.

హైమన్‌డార్ఫ్ పరిశోధనలు

ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉండి, 1941లో గోదావరి లోయలోని కొండరెడ్ల మధ్య నివసించి పరిశోధన చేశాడు. కొండరెడ్ల గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1945లో వెలువడినది. పోడు వ్యవసాయం, వెదురు కోత, కలప వ్యాపారుల వద్ద అప్పుల వలన కొండరెడ్లు వెట్టిలో చిక్కుకొన్న తీరు ఇందులో వివరంగా ఉన్నాయి. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల పాఠశాలలో భద్రపరచబడినవి. పాపికొండల గ్రామాల 1940ల నాటి దృశ్యాలలో చాలాభాగం ఈ విధంగా ఆ గ్రామాలకు వేలాది మైళ్ళ దూరంలో ఉన్నాయి.

హైదరాబాదు మ్యూజియములు

హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడినది. దాని తొలి సంచాలకుడు గులాం యజ్దానీ. ఆ శాఖ సేకరణలతో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియము వెలసినది. ఈ మ్యూజియములో ఈజిప్టుకు చెందిన ఒక మమ్మీ కూడా ఉన్నది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దీనిని వెయ్యి పౌండ్లకు కొని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇవ్వగా, నిజాం 1930లో మ్యూజియమునకు బహూకరించాడని చెబుతారు. సంపన్నులు దూరదేశపు ప్రాచీన వస్తువులను కొనితెచ్చుకొనడం ఆనాడు సాధారణం. సాలార్‌జంగ్ మ్యూజియములోని అరబ్బీ, పారశీక వ్రాతప్రతులు, పశ్చిమాసియా వస్తువులు కూడా ఈ అభిరుచికి నిదర్శనాలు. ఈజిప్టు యువతి దేహం హైదరాబాదులోనూ, కొండరెడ్ల చిత్రాలు లండన్‌లోనూ ఉండటం ఒకే కాలపు సేకరణ పద్ధతికి రెండు ముఖాలు. వస్తువు నిలిచినది, కాని దాని స్వస్థలంలోని ప్రజలకు దూరమైనది.

ఆదివాసుల వస్తు సంస్కృతి

కోయ, కొండరెడ్డి గ్రామాలలో నిత్యం వాడే వస్తువులలో ఎక్కువభాగం వెదురు, కర్ర, సొరబుర్ర, ఆకులు, నారతో తయారవుతాయి. గంపలు, చేటలు, ధాన్యపు గాదెలు, చేపలు పట్టే బుట్టలు, విల్లంబులు, నీళ్ళ బుర్రలు వీటిలో ముఖ్యమైనవి. ఇవి రాయి, లోహం వలె దీర్ఘకాలం నిలిచేవి కావు. చెదలు, తేమ, పొగ వలన కొద్ది సంవత్సరాలలోనే పాడవుతాయి. వాటిని మరల మరల తయారుచేసుకొనడమే వాటి పరిరక్షణ. వెదురు దొరకనప్పుడు, అల్లే చేయి లేనప్పుడు వస్తువుతో పాటు విద్య కూడా అంతరిస్తుంది.

కొమ్ము నృత్యంలో కోయ పురుషులు దున్న కొమ్ములు అమర్చిన తలపాగాలు ధరించి, పెద్ద డోళ్ళు వాయిస్తూ నర్తిస్తారు. భూమి పండుగ, కొత్తల పండుగ వంటి సందర్భాలలో దేవతలను కొలుస్తారు.

పడిగెలు

కోయల వారసత్వంలో అతి విశిష్టమైనవి పడిగెలు. వీటిని పగిడెలు అని కూడా అంటారు. ఇవి వేల్పుల, వంశ మూలపురుషుల, జంతువుల ఆకృతులు కలిగిన గుడ్డ పతాకాలు. కోయ సమాజం గట్టులుగా, ఇంటిపేర్లుగా విభజింపబడి ఉన్నది. వేల్పులు, పడిగెలు ఆయా గట్టులకు, వంశాలకు సంబంధించినవి. డోలి కోయలు డోలు వాయిస్తూ పడిగెలోని ఒక్కొక్క ఆకృతిని బట్టి ఆ వంశపు కథను గానం చేస్తారు. ఈ విధంగా పడిగె చిత్రపటం, వంశచరిత్ర, పూజావస్తువు మూడూ అయి ఉంటుంది. పండుగ రోజులలో తప్ప దానిని విప్పరాదు. గానం తెలిసినవారు లేనిచో బొమ్మల అర్థం చెప్పేవారు ఉండరు.

మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన డోలి కళాకారుడు సకినె రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించినది. సమ్మక్క సారలమ్మ కథతో సహా అనేక కోయ మౌఖిక గాథలను ఆయన గానం చేసేవాడు. ఆయన 2024లో మరణించాడు. పురస్కారం వలన ఈ కళకు రాష్ట్ర వ్యాప్తంగా గుర్తింపు కలిగినది. అయితే ఒక గాయకుని స్మృతిలో ఉన్న గాథలు తరువాతి తరానికి చేరుటకు గుర్తింపు ఒక్కటే చాలదు. పాట నేర్చుకొనే శిష్యులు, దానిని పాడించుకొనే జాతరలు రెండూ ఉండవలెను.

జలాశయాలు, వారసత్వం

నాగార్జునకొండ

తెలుగు దేశంలో జలాశయం కోసం ప్రాచీన స్థలాన్ని తరలించిన ప్రసిద్ధ ఉదాహరణ నాగార్జునకొండ. ఈ లోయలోని శిథిలాలను 1926లో గుర్తించారు. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. ముంపునకు ముందుగా 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా త్రవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి పునర్నిర్మించారు. 1966లో అక్కడ మ్యూజియము ప్రారంభమైనది. జలాశయం నిండిన తరువాత ఆ కొండ ద్వీపమైనది. శ్రీశైలం జలాశయం ఏర్పడినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని ఇదే విధంగా అలంపురానికి తరలించారు.

నూబియా

ఇదే కాలంలో ఈజిప్టులో అస్వాన్ హై డ్యాం నిర్మాణం 1960లో మొదలైనది. దాని జలాశయం వలన ఈజిప్టు, సుడాన్ దేశాలలో నైలు నది వెంట ఉన్న నూబియా ప్రాంతం మునిగిపోవలసి వచ్చినది. 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాల సహాయాన్ని అర్థించింది. 1964 - 1968 మధ్య అబూ సింబెల్ ఆలయాలను రాతి దిమ్మెలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున మరల నిర్మించారు. సహాయం చేసిన దేశాలకు కృతజ్ఞతగా ఈజిప్టు కొన్ని చిన్న ఆలయాలను బహూకరించింది. దెబోద్ ఆలయం మాడ్రిడ్‌కూ, దెందూర్ ఆలయం న్యూయార్క్‌కూ, తాఫా ఆలయం లైడెన్‌కూ చేరాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కూడా 1960ల ఆరంభంలో బి.బి.లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపగా, ఆ బృందం అఫియే, తుమాస్ వద్ద త్రవ్వకాలు జరిపింది.

ఈ ఉద్యమ ఫలితంగా ప్రపంచ దేశాలు వారసత్వాన్ని ఉమ్మడి బాధ్యతగా చూడటం మొదలుపెట్టాయి. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడికకు ఇది ఒక ప్రేరణ. అయితే ఆలయాలు నిలిచిన చోట మనుషులు నిలువలేదు. ఈజిప్టులో సుమారు 50 వేల మంది నూబియన్లను కోమ్ ఒంబో ప్రాంతానికీ, సుడాన్‌లో దాదాపు అంతేమందిని దూరంగా న్యూ హల్ఫాకూ తరలించారు. నది ఒడ్డున ఖర్జూర తోటల మధ్య, రంగుల చిత్రాలు వేసిన ఇండ్లలో నివసించినవారు నదికి దూరమైన కాలనీలలో స్థిరపడవలసి వచ్చినది. అస్వాన్‌లో నూబియా మ్యూజియము 1997లో ప్రారంభమైనది. ఆలయాలతో పాటు నూబియన్ల ఇండ్లను, జీవన విధానాన్ని కూడా అందులో ప్రదర్శించారు. కాని అప్పటికి తరలింపు జరిగి మూడు దశాబ్దాలు దాటినది.

పోలవరం

గోదావరిపై పోలవరం ప్రాజెక్టును 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. దీని పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు. మూడు వందలకు పైగా ఆవాసాలు ముంపు ప్రభావంలో ఉన్నాయి. వాటిలో కోయ, కొండరెడ్డి గ్రామాలు అధికం. ముంపు ప్రాంతంలోని వేలేరుపాడు మండలం రుద్రమకోట వద్ద ఆంధ్ర ప్రదేశ్ పురావస్తు శాఖ జరిపిన త్రవ్వకాలలో బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి.

నాగార్జునకొండకూ, పోలవరానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నాగార్జునకొండలో కాపాడవలసిన వాటిలో ప్రధానమైనవి రాతి కట్టడాలు. పోలవరం ముంపు ప్రాంతంలో ప్రధానమైనవి గ్రామదేవతల గద్దెలు, పూర్వీకుల సమాధి రాళ్ళు, పవిత్రమైన చెట్లు, పోడు భూములు, వాటి పేర్లు. వీటిని రాతి దిమ్మెలవలె కోసి వేరొక చోట అమర్చుట సాధ్యం కాదు. ఒక వేల్పు గద్దె ఫలానా గుట్టకు, ఫలానా వాగుకు సంబంధించి ఉంటుంది. గ్రామాన్ని రెండు మూడు కాలనీలకు పంచినచో, ఆ వేల్పును కొలిచే వంశం కూడా చెదిరిపోతుంది.

గోదావరి వరదలు కూడా ఈ ప్రాంతానికి ప్రమాదకరమే. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. ఇటువంటి వరదలలో ఇండ్లలో దాచుకొన్న గుడ్డ, కర్ర వస్తువులు ముందుగా నాశనమవుతాయి.

అరబ్బు దేశాల మ్యూజియముల అనుభవం

ఈజిప్టులో 1858లో ఫ్రెంచి పండితుడు అగస్త్ మారియెట్ నాయకత్వంలో పురావస్తు శాఖ ఏర్పడినది. త్రవ్వకాలలో లభించిన వస్తువులు ఐరోపాకు తరలిపోకుండా స్వదేశంలోనే ఉంచుటకు 1863లో కైరోలోని బూలాక్‌లో మ్యూజియము తెరిచారు. 1902లో అది తహ్రీర్ కూడలిలోని భవనానికి మారినది. గీజా పిరమిడ్ల సమీపంలో నిర్మించిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియము 2025 నవంబరులో ప్రారంభమైనది.

సేకరించి ఒక చోట ఉంచినంత మాత్రాన వస్తువులకు రక్షణ కలుగదని ఇరాక్, సిరియా అనుభవాలు తెలుపుతాయి. 2003 ఏప్రిల్‌లో బాగ్దాదులోని ఇరాక్ జాతీయ మ్యూజియము లూటీకి గురై సుమారు 15 వేల వస్తువులు పోయినవి. వస్తువుల పట్టికలు, ఛాయాచిత్రాలు ఉన్న సందర్భాలలో వాటిని ఇతర దేశాలలో గుర్తించి వెనుకకు తెచ్చుట సులభమైనది. నమోదు లేని త్రవ్వకపు స్థలాల నుండి దొంగిలించిన వాటికి ఆ అవకాశం లేదు. 2015లో సిరియాలోని పాల్మైరా ప్రాచీన స్థలాన్ని దశాబ్దాలపాటు సంరక్షించిన ఖాలిద్ అల్ అసద్‌ను తీవ్రవాదులు హత్య చేశారు. భద్రాచలం అడవులలోని రాక్షస గుళ్ళ విషయంలోనూ ఈ పాఠం వర్తిస్తుంది. ఏ సమాధి ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నదో నమోదు కానంతవరకు, పోయినదేమిటో కూడా తెలియదు.

స్థానిక మ్యూజియములు

భద్రాచలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో గిరిజన మ్యూజియము ఉన్నది. కోయ, కొండరెడ్డి తెగల ఆభరణాలు, వాద్యాలు, వేట పనిముట్లు, గృహోపకరణాలు ఇందులో ఉన్నాయి. 2020వ దశకం మధ్యలో దీనిని పునరుద్ధరించి, ఆదివాసుల ఇండ్ల నమూనాలను చేర్చారు. ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మ పేరిట గిరిజన మ్యూజియము ఉన్నది. హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియములో ఉభయ రాష్ట్రాల తెగల వస్తువులు ఉన్నాయి.

చట్టాలు

పురావస్తు స్థలాలకు 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి ఆంధ్ర ప్రదేశ్ చట్టం, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తాయి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రాచీన వస్తువుల ఎగుమతిని, క్రయవిక్రయాలను నియంత్రిస్తుంది. ఆ చట్టం ప్రకారం పురావస్తువుగా పరిగణించుటకు సాధారణంగా వంద సంవత్సరాల ప్రాచీనత ఉండవలెను. వ్రాతప్రతులకు ఈ గడువు 75 సంవత్సరాలు. వెదురు బుట్ట, కొత్తగా వ్రాయించిన పడిగె ఈ నిర్వచనంలోకి రావు. ఆదివాసుల ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చినది. షెడ్యూల్డు ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించవలెనని కూడా ఆ చట్టం నిర్దేశిస్తుంది. అడవిపై సంప్రదాయ హక్కులను 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించినది.

సమస్యలు, చర్చ

ఈ ప్రాంత వారసత్వ పరిరక్షణలో మూడు ప్రశ్నలు ముఖ్యమైనవి. మొదటిది, పూజలో ఉన్న వస్తువును మ్యూజియములో ఉంచవచ్చునా అనునది. భద్రాచలం ఆలయ ఆభరణాలు భద్రంగా ఉంటూనే కల్యాణానికి దేవుని చేరుకొంటాయి. పడిగెను గాజు పెట్టెలో శాశ్వతంగా విప్పి ఉంచినచో దాని నియమం చెడుతుంది. మూలవస్తువును వంశం వారి వద్దనే ఉంచి, వారి అనుమతితో తయారుచేసిన ప్రతిని ప్రదర్శించుట దీనికి ఒక మార్గం.

రెండవది, దూరాన ఉన్న సేకరణలను స్థానికులకు అందించుట. లండన్‌లోని హైమన్‌డార్ఫ్ చిత్రాల వంటివాటి ప్రతులు గ్రామాలకు చేరినచో, అందులోని స్థలాలను, వస్తువులను, వ్యక్తులను గుర్తించి వివరములు చెప్పగలవారు ఆ గ్రామాల వృద్ధులే. ఒక తరం గడిచిన తరువాత ఆ అవకాశం ఉండదు.

మూడవది, కాలక్రమం. నూబియాలో ఆలయాలను ముంపునకు ముందే తరలించినప్పటికీ, ప్రజల జీవన విధానానికి మ్యూజియములో చోటు చాలా ఆలస్యంగా లభించినది. పోలవరం ముంపు గ్రామాలలో పాటలు, స్థలనామాలు, వంశకథలు, గద్దెల స్థానాలు గ్రామం తరలిపోక ముందే, కోయ భాషలోనూ తెలుగులోనూ నమోదు కావలసి ఉన్నది. ఆనకట్టను దశలవారీగా నింపుతున్నందున, ఈ పనికి మిగిలిన వ్యవధి జలాశయపు నీటిమట్టం పెరుగుదలపై ఆధారపడి ఉన్నది.

ఇవి కూడా చూడండి

భద్రాచలం
నేలకొండపల్లి
కోయ
కొండరెడ్లు
నాగార్జునకొండ
పోలవరం ప్రాజెక్టు
అబూ సింబెల్